పక్క పోర్షను

జిల్లా రెండుగా విడిపోయిన మరుసటి వేసవిలో నాకు ఖమ్మం ఫ్లయింగ్ స్క్వాడ్‌కు బదిలీ అయింది. అప్పటికి నేను అశ్వారావుపేటకు పైన, భద్రాచలం అడవి మొదలయ్యే చోట, ఒక రేంజికి అధికారిని. రేంజికి హద్దులున్న సొంత అడవి ఉంటుంది, దాని కింద సెక్షన్లు, బీట్లు ఉంటాయి. ఫ్లయింగ్ స్క్వాడ్‌కు సొంత అడవి ఉండదు. దొంగ కలప ఎటు కదిలిందని కబురొస్తే అటు పోవాలి. ఎప్పుడు తిరిగొస్తామో ఇంట్లో చెప్పి వెళ్ళే ఉద్యోగం కాదు. నా డిప్యూటీ రేంజి అధికారి ఖాదర్ పాషాకు కూడా అదే స్క్వాడ్‌కు ఉత్తర్వులు వచ్చాయి.

రేంజి క్వార్టర్లలో పాషాది, నాది ఒకే గోడ. మేమిద్దరం అడవిలో ఉన్నప్పుడు ఆ గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఆడవాళ్ళే రెండు సంసారాలూ నడిపారు. మా అమ్మాయి, వాళ్ళ అమ్మాయి ఆ యేడు పదో తరగతిలోకి వచ్చారు. ఊరు కాని ఊళ్ళో, మగవాళ్ళు ఇంట్లో లేని రోజుల్లో, రెండు కుటుంబాలు చెరో మూల ఉంటే కుదరదని మా ఆవిడ ముందే చెప్పింది. పాషా భార్య జరీనా కూడా అదే మాట అంది. ఖమ్మంలో మాకు ప్రభుత్వ క్వార్టర్లు లేవు. పక్కపక్కన రెండు పోర్షన్లు వెతకాలి, అదీ బడులు తెరిచేలోపు.

ఆ వెతుకులాట పని నేను తీసుకున్నాను. అడవిలో బేస్ క్యాంపుకు చోటు చూసినట్టే చూశాను. క్యాంపు వేసేటప్పుడు ముందు చెట్ల కాండాలు చూస్తాం. పోయిన వానాకాలపు చెత్త ఏ ఎత్తున చిక్కుకుని ఉందో, వరద అంతవరకు వచ్చిందన్నమాట. తర్వాత నీళ్ళు పోయే దారి, మనుషులు బయటపడే దారి. ఊళ్ళో చెట్లకు బదులు గేట్లు చూశాను. ఇనప గేటు అడుగు పెచ్చులు పెచ్చులుగా తుప్పు రాలుతోందంటే ఆ వీధిలో నీళ్ళు నిలుస్తాయి. గోడల మీద బురద గీత ఎంత సున్నం వేసినా మళ్ళీ పైకి తేలుతుంది. మున్నేరు ఏటి వైపు వీధులన్నీ ఈ లెక్కలోనే వదిలేశాను.

చివరికి ఎత్తు మీదున్న ఒక కాలనీ నచ్చింది. దాని పేరు రాయను. గేట్లు శుభ్రంగా ఉన్నాయి, బడి దగ్గర, బస్సు దగ్గర. ఒక ఇంట్లో కింద రెండు పోర్షన్లూ ఖాళీ. యజమాని రిటైరైన ఉద్యోగి. పేరు అడిగాడు, చెప్పాను. ఇంటిపేరు వినగానే కుర్చీలోంచి లేచాడు.

“సత్తుపల్లి దిక్కు దొరవారా మీరు? మా నాయన మీ తాతగారి కాడ లెక్కలు రాసిండు సార్. కూసోండి, కూసోండి. మీరు కిరాయికుండుడేంది, మా అదృష్టం గాకపోతే!”

మా ఇంటిపేరు ఆ వైపు ఇంకా చెల్లుతుంది. మాకు మిగిలిన ఆస్తి అదొక్కటే కనక దాన్ని కిరాయి ఇళ్ళ దగ్గర ఖర్చు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఆయన మర్యాదకు తల ఊపి, రెండు పోర్షన్లూ కావాలి, ఒకటి నాకు, ఒకటి మా డిప్యూటీకి అని చెప్పాను. సరేనన్నాడు. బయానా డబ్బులు తీసుకున్నాడు.

అక్కడ జరిగిన పొరపాటు మా శాఖవాళ్ళు మాత్రమే చేసేది. మేము మనిషిని హోదాతో చెప్తాం. అటవీ విశ్రాంతి గృహానికి కబురు పంపేటప్పుడు రేంజి అధికారి వస్తున్నాడంటే వెంట డిప్యూటీ, సెక్షన్ అధికారి ఉన్నట్టే లెక్క. వాళ్ళ పేర్లు ఎవరూ అడగరు. ఊళ్ళో కూడా హోదా చాలనుకున్నాను.

క్వార్టర్లలో మాకొక ఆనవాయితీ ఉండేది. కొత్తగా ఏ కుటుంబం వచ్చినా పక్క క్వార్టరు ఇల్లాలు వచ్చి పొయ్యి వెలిగించి పాలు పెట్టాలి. మేము రేంజికి వచ్చిన రోజు మా పొయ్యి వెలిగించింది జరీనాయే. అందుకే ఖమ్మంలో దిగిన రోజు కూడా మా ఆవిడ అగ్గిపెట్టె ఆమె చేతికే ఇచ్చింది. రెండు ఇళ్ళ సామాన్లూ ఇంకా డీసీఎం వ్యానులోనే ఉన్నాయి. పాషా తాళ్ళు విప్పిస్తున్నాడు.

యజమాని భార్య మర్యాదకు పసుపు, కుంకుమ తెచ్చింది. పొయ్యి ముందున్న మనిషిని చూసింది, పేరు అడిగింది. జరీనా చెప్పింది. ఆమె పళ్ళెం చేతిలో ఉండగానే వెనక్కి తిరిగి మెట్లెక్కింది. కాసేపటికి ఆయన దిగొచ్చి నన్ను వాకిట్లోకి పిలిచాడు.

“సార్, చిన్న ఇబ్బందొచ్చింది. పక్క పోర్షను మా మేనల్లునికి మాటిచ్చిన ముచ్చట యాది మర్సిన.”

“నిన్న మీరే తాళం చెవి ఇచ్చారు,” అన్నాను.

“మీ పోర్షను మీదే సార్. మీకు ఢోకా లేదు. గా రెండోదే...”

“బయట సామాను దించుతున్నది ఆ మేనల్లుడికేనా?”

ఆయన గొంతు తగ్గించాడు. “అన్నీ ముందే చెప్పాలె గద సార్. మాకు నీసు వాసన పడది.”

ఆదివారం మా ఇంట్లో కూడా మేకమాంసం వండుతారని చెప్పాను.

“మీది వేరు సార్,” అన్నాడు.

ఇరవై రకాల కలప దొంగలతో మాట్లాడిన వాణ్ణి. ఏ దొంగా నా ముఖం మీద ఇంత నిబ్బరంగా అబద్ధమాడి, పైగా అది నాకు చేస్తున్న గౌరవమని చెప్పలేదు. ఒకప్పుడు మా తాతగారి దొరల గడీ గుమ్మం దగ్గర కూడా వచ్చినవాళ్ళను ఇలాగే విడదీసేవాళ్ళు: నువ్వు లోపలికి, నువ్వు అరుగు కింద. అలా విడదీసినవాళ్ళకు చివరికి ఏం మిగిలిందో నేను కళ్ళారా చూశాను. రెండు సున్నపు స్తంభాలు, వాటి మధ్య తుమ్మ పొదలు. అక్కడ లెక్కలు రాసినాయన కొడుకు ఆ పద్ధతిని జాగ్రత్తగా దాచిపెట్టి, నాకే తిరిగి వడ్డిస్తున్నాడు.

లోపలికి వెళ్ళి పొయ్యి ఆపమన్నాను. పాలు అంచుదాకా వచ్చాయి, ఇంకా పొంగలేదు. మా ఆవిడ స్టవ్ కట్టేసి, కొంగుతో గిన్నె పట్టుకుని గేటు దాటింది. వెనక జరీనా, వెనక పిల్లలు. తాళం చెవులు మెట్టు మీద పెట్టి నేనూ బయటికి నడిచాను.

వీధి చివర షేర్ ఆటో ఆపాం. ఆటో అతను గిన్నె వంక చూశాడు. “ఏంది సార్, పాలు పొంగిచ్చుకొని ఇల్లే ఎత్తుకొస్తున్నరా?” జరీనా నవ్వింది. ఇంకెవరికీ నవ్వు రాలేదు.

వ్యాను తాళ్ళు మళ్ళీ కట్టించి వచ్చి పాషా నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. మెచ్చుకుంటాడనుకున్నాను.

“మీకు కోపమొచ్చింది సార్, మీ ఇజ్జత్ నిలబడ్డది. నాకేమొచ్చింది? మీరు పొద్దుగూకేలోపు ఇంకో ఇల్లు పడతరు. నేను పేరు చెప్పంగనే ఖాళీ ఇల్లు నిండిపోతది. నిరుడు మా తమ్మునికి గిట్లనే అయింది. గందుకే మీరు మాట్లాడుతరంటే నేను సప్పుడు చేయలే.”

మున్నేరు దగ్గర వాళ్ళ మేనమామ ఇల్లు ఉంది, అక్కడికి పోతామన్నాడు. ఆ ఇల్లు నేను చూసే వదిలేశాను. బురద గీత కిటికీ పైదాకా ఉంది. పిల్లతో అక్కడ ఉండడానికి వీల్లేదని చెప్పాను.

“గట్లయితే ముందు నేను అడుగుత,” అన్నాడు. “నేనెవరో తెలిసినంక ఇస్తమంటేనే మీరు రండి. అడివిల ముందు నడిచేటోనికే పాము తగిలేది, అలవాటే నాకు.”

ఆ రాత్రికి సామాను ఆఫీసు షెడ్డులో దించి, కుటుంబాలను లాడ్జిలో ఉంచాం. మర్నాటి నుంచి పాషా గేట్లు తట్టడం, నేను రోడ్డు అవతల బండి దగ్గర నిలబడడం. అంత దూరం నుంచి మాటలు వినపడవు, ముఖాలు కనపడతాయి. టూ-లెట్ బోర్డు చూపిస్తూ నవ్వుతూ మొదలుపెడతారు. పేరు అడుగుతారు. నవ్వు అలాగే ఉంటుంది, చెయ్యి మాత్రం గేటు మీదికి వస్తుంది. ఒకాయన పాషాను పంపించేసి నేరుగా రోడ్డు దాటి నా దగ్గరికే వచ్చాడు.

“ఇల్లు చూస్తున్నరా సార్? మంచి పోర్షనుంది.”

“ఇప్పుడే నిండిందట గదా?” అన్నాను.

ఆయన పాషా వైపు చూసి, నా వైపు చూసి, బోర్డు తీసి చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. ఆయనకు సిగ్గు కలగలేదు. దొరికిపోయానని చిరాకు కలిగింది, అంతే. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పెన్ను కాగితం మీద గట్టిగా పడుతోంది.

చివరికి ఖానాపురం హవేలిలో ఒక రిటైర్డ్ నర్సు ఇంటి ముందు పాషా మామూలు కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. తర్వాత చెయ్యి ఊపాడు. ఆమె పేరు మరియమ్మ. నేను వెళ్ళేసరికి ఆమె పాషాతో వాదిస్తోంది.

“పొద్దున మోటరెవరేస్తరు? గది చెప్పు ముందు. ఇద్దరూ అడివికి పోతరంటివి, ట్యాంకు నేనెక్కి చూడాల్నా?”

“ఆడోళ్ళు చూస్తరమ్మా.”

“అవ్, అన్నీ ఆడోళ్ళే చూస్తరు.” ఆమె నా వైపు తిరిగింది. “మీరేనా ఆఫీసరు? బండి నా మల్లెచెట్టు మీద ఆనించొద్దు. ఇంకేమడగను.”

నా పేరు కూడా అడగలేదు. మా ఇంటిపేరు ఖర్చు కాకుండా మిగిలింది.

బేస్ క్యాంపు లెక్కలో అది రెండో రకం చోటు. గేటు అడుగు తుప్పు పట్టి ఉంది. వాన పడితే సందులో నీళ్ళు నిలుస్తాయి, బడి దూరం. అవన్నీ చూసే సరేనన్నాను. జరీనా మా పొయ్యి వెలిగించింది, మా ఆవిడ వాళ్ళ పొయ్యి వెలిగించింది. ఆ వానాకాలంలో మేము రాష్ట్ర సరిహద్దులో దొంగ టేకు లారీల కోసం కాపు కాస్తున్నప్పుడు సందులో నీళ్ళు మెట్టు దాటి లోపలికి వచ్చాయి. పిల్లల్ని, పుస్తకాలను, బియ్యం బస్తాలను ముగ్గురు ఆడవాళ్ళూ మరియమ్మ మేడ మీదికి చేర్చారు. మేము తిరిగొచ్చేసరికి ఇల్లు కడిగి ఉంది. రిటైరయ్యే దాకా మేమిద్దరం ఆ ఇంటి నుంచే ఉద్యోగం చేశాం.

ఖమ్మానికి బదిలీ అయిన కుర్ర అధికారులు ఏ ఏరియా మంచిదని ఇప్పటికీ నాకు ఫోను చేస్తారు. గేటు అడుగు చూడమని చెప్తాను, గోడ మీద గీత చూడమని చెప్తాను. అయితే అది రెండో పని. మొదటి పని, తమతో రావలసిన వాళ్ళలో ఎవరికి ఇల్లు దొరకదో వాళ్ళను ముందు పంపి, అసలు పేరు చెప్పి అడిగించడం. నీళ్ళు నిలిచే సందును మట్టి పోసి ఎత్తు చేసుకోవచ్చు. ఆ మొదటి ఇల్లు ఎత్తు మీదే ఉంది, గేటుకు ఈనాటికీ తుప్పు లేదు. దానికి ఏం చేసినా బాగుపడదు.