దొరవారి హాల్లో రోబో చీపురు

మా వంశం రెండుసార్లు నేలమట్టమైంది. మొదటిసారి మా తాత భూములన్నీ పోగొట్టినప్పుడు. రెండోసారి ఒక శుక్రవారం, ఎల్బీ నగర్‌లోని మా ఫ్లాట్లో, అన్నం పళ్ళెమంత యంత్రం వల్ల. మొదటిదానికి నేను సాక్షిని కూడా కాను. రెండోదానికి సాక్షిని నేనే, ముద్దాయిని నేనే, ఆఖరుకు నేల తుడిచిందీ నేనే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ముందు మా ఘనత కొంచెం చెప్పుకోనివ్వండి. లేకపోతే నేను ఎంత ఎత్తునుంచి పడ్డానో మీకు అందదు. నాదర్‌గుల్ దాటాక ఒకప్పుడు కనుచూపు మేరా మా చెలకలే. ఇప్పుడు వాటి మీదుగా విమానం నడపడం నేర్చుకునే పిల్లలు చక్కర్లు కొడుతుంటారు. భూమి పోయింది, ఇల్లు పోయింది, సామాను మాత్రం మిగిలింది. అంత పెద్ద ఇంటి సామానూ రెండు పడకగదుల ఫ్లాట్లోకి వచ్చి కూర్చుంది. సింహపు పాదాల బీరువా, పెళ్ళివారందరూ పట్టే టేకు దివాన్, ఎత్తు వీపుల కుర్చీలు, చుట్టూ నల్ల అంచున్న ఎర్ర తివాచీ. మా హాల్లో నడవాలంటే సినిమా మొదలయ్యాక వచ్చినవాడు వరుసలో దూరినట్టు పక్కవాటుగా నడవాలి. పాత ఇంటి గడపను కూడా వదలకుండా కోయించి తెచ్చి దేవుడి గదికి బిగించాను. అదెంత ఎత్తుంటుందో మా చుట్టాలందరి బొటనవేళ్ళకూ తెలుసు.

ఇక నా సంగతి. నేను వంగేవాణ్ణి కాదు. వీపు నిటారుగా పెట్టుకుని బతకడం తప్ప మా నాన్న నాకు ఇచ్చిన ఆస్తి లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణానికి మేనేజరుగా చేసే రోజుల్లో కూడా పెన్ను కింద పడితే వంగి తీసేవాణ్ణి కాదు. ఇంకో పెన్ను కొనుక్కునేవాణ్ణి. చీపురు సంగతి వేరే చెప్పాలా? మా ఇంట్లో మగవాళ్ళు చీపురును గోడకు ఆనించి ఉండగా చూడటమే, ముట్టింది లేదు.

అలాంటి ఇంట్లో మా ఆవిడ విమల ఒకరోజు, ఆఫీసులకు పోయే తల్లుల పసిపిల్లలను పగటిపూట మన హాల్లో చూసుకుంటానని ప్రకటించింది.

"దొరల ఇంట్ల మంది పిల్లల ముక్కులు తుడుస్తవా?" అన్నాను.

"దొరలు ఎక్కడున్నరు? జర చూపియ్యండి. వాళ్ళ ముక్కులు గూడ తుడుస్త" అంది.

మాకు పిల్లలు కలగలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరమూ పైకి అనం. కానీ కింద పార్కింగులో ఏ పసివాడు ఏడ్చినా విమల చేతిలో పని వదిలేసి బాల్కనీలోకి పోతుంది. అంత నాకూ తెలుసు.

ప్రసన్న అనే బ్యాంకు ఉద్యోగి తన బాబును చేర్చేముందు ఇల్లు చూసిపోతానని కబురు చేసింది. శుక్రవారం సాయంత్రం వస్తుందట. బాబు అప్పుడే పాకడం నేర్చాడు. పాకే పిల్లవాడి తల్లి ఇంట్లో ముందు చూసేది నేలనే. ఆమె బాగుందంటే ఆమెతో పనిచేసే ఇంకొందరు తల్లులు కూడా వస్తారు. బాగాలేదంటే విమల ఆశ అక్కడికి సరి.

సరిగ్గా ఆ వారమే విమలకు నడుము పట్టేసింది. వంగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పనిమనిషి చెల్లెలి పెళ్ళికని ఊరికి పోయింది. ఇంట్లో మిగిలిన ఇద్దరిలో ఒకరు వంగలేరు, ఒకరు వంగరు. అందుకని నేను దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, దానంతటదే తిరిగి ఊడ్చి తుడిచే రోబో వాక్యూమ్ క్లీనర్ కొన్నాను.

దుకాణం కుర్రాడు మర్యాదగానే అడిగాడు. "సార్, మీ నేల ఏంది సార్? టైల్సా, బండలా? కార్పెట్ ఉన్నదా?"

"తివాచీ ఉన్నది. మా తాత తెప్పిచ్చింది."

"అయితే మా మనిషొచ్చి డెమో ఇస్తడు సార్. ఫర్నిచర్ గూడ జర జరపాలె. కింద దూరెటంత సందు లేకుంటే ఇరుక్కుంటది."

"మా సామాను జరగదు. మా ఇంట్ల పనిచేసినోళ్ళు సామాను సుట్టు తిరిగి ఊడ్చేటోళ్ళు. ఇది గూడ తిరుగుతది."

"వాళ్ళు మనుషులు సార్. ఇది మిషన్."

"ఇంకా మంచిది. ఎదురు మాట్లాడదు" అని పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాను. తరాల తరబడి నౌకర్ల చేత పని చేయించిన వంశం మాది. మాకు ఒక కుర్రాడు పని చేయించుకోవడం నేర్పుతాడా? పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నన్ను తిట్టుకోవచ్చు. నేను ఎదురుచూస్తాను.

శుక్రవారం పొద్దున విమల స్నానం చేసి, నడుము పట్టుకునే దేవుడి గదిలో స్టూలు మీద కూర్చుని గడపకు మందంగా పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది. గడప ముందు చిన్న ముగ్గు కూడా వేసింది. తర్వాత సైదాబాద్‌లో వాళ్ళ అక్క ఇంటినుంచి ఉయ్యాల, మెత్తటి చాపలు తేవడానికి ఆటో పిలిపించుకుంది.

"నేను వచ్చేవరకు ఆ తివాచీ సుట్టి, వాచ్‌మెన్‌ను పిలిచి దివాన్ జరిపియ్యండి. తర్వాత నేల తుడవండి" అంది చెప్పులు వేసుకుంటూ.

"నువ్వు పో. అంత నేను చూసుకుంట."

"అదే పరేషాన్ నాకు" అంటూ మెట్లు దిగింది.

నేను లుంగీ బిగించి, ఎత్తు వీపు కుర్చీలో కూర్చుని, కాలి బొటనవేలితో మీట నొక్కాను. రోబో చిన్న పాట పాడి బయలుదేరింది. టైళ్ళ మీద బుద్ధిమంతుడిలా పోయింది. కుర్చీల కాళ్ళ మధ్య దూరి, జాతరలో తప్పిపోయినట్టు ఒక్కో కాలికీ తల కొట్టుకుని, ఎలాగో బయటపడింది. తివాచీ దగ్గరకు వచ్చి నల్ల అంచు చూడగానే ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెనక్కి తిరిగింది.

ఆ చప్పుడుకు ఎదురు ఫ్లాట్ సుబ్బారావు మాస్టారు తలుపు తోసుకుని వచ్చారు. ఆయనది గుంటూరు వైపు. రిటైరై ఇక్కడే ఉండిపోయారు. నన్ను దొరగారూ అని పిలుస్తారు. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

"ఏంటండీ దొరగారూ, అది తివాచీ ఎక్కనంటోంది?"

"మర్యాద తెలిసింది. దొరల తివాచీ తొక్కద్దనుకుంటున్నది."

"మర్యాద కాదండీ. ఆ నల్ల అంచు చూసి గొయ్యి అనుకుంటోంది. మా అమ్మాయి ఇంట్లో రోబో కూడా ఇంతే, నల్ల డోర్‌మ్యాట్ చూసి హడలిపోతుంది."

"మీ అమ్మాయిది డోర్‌మ్యాట్. ఇది తివాచీ" అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఉచితంగా ఆట చూసేవాడిలా.

ఊడ్చడం అయిందనిపించి, మాస్టారు చేత దాన్ని పైకి తీయించి, కింద తడిగుడ్డ తగిలించి, నీళ్ళు నింపి మళ్ళీ వదిలాను. ఇక్కడే మొదలైంది. రోబో నేరుగా దేవుడి గది వైపు పోయింది. ముగ్గు మీదుగా తిరిగింది. గడపను ఎక్కబోయింది, జారింది, మళ్ళీ ఎక్కబోయింది. ఎత్తయిన గడపను ఎలాగైనా గెలవాలన్న పట్టుదలతో దాని పసుపంతా ఒంటికి రాసుకుంది. తర్వాత పెళ్ళికొడుకులా ఊరేగింపుకు బయలుదేరింది. బీరువా ముందు ఒక పసుపు చార, దివాన్ పక్కన ఒక పసుపు సున్న, వంటింటి గుమ్మం దాకా పసుపు బాట.

"నలుగు పెడుతోందండీ ఇంటికి" అన్నారు మాస్టారు.

"మరకే గద. సబ్బుకు పోతది" అని, మాస్టారు దాన్ని ఎత్తి పట్టుకుంటే, నేను నిలబడే, గంభీరంగా, నీళ్ళ ట్యాంకులో బట్టల సబ్బు పొడి పోశాను.

తెలుగింట పుట్టినవాళ్ళు ఈ పాటికి గుండె పట్టుకుని ఉంటారు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని ప్రతి పెళ్ళిలోనూ చూస్తాం. సబ్బు పొడి కూడా సున్నం చేసిన పనే చేస్తుందని నాకు తట్టలేదు. రోబో తన పసుపు బాట వెంటే తిరిగి వచ్చింది. అది పోయిన చోటల్లా నేల ఎర్రబడింది. చూస్తుండగానే మా హాలు మేకలు కోసిన దుకాణంలా తయారైంది.

మాస్టారు లేచి నిలబడ్డారు. "పోలీసులు వస్తే నేను ఇప్పుడే వచ్చానని చెప్పండి."

కంగారులో దాన్ని ఎర్ర నేల మీంచి తప్పించాలని కాలితో తివాచీ మీదకు తోశాను. తివాచీ ఎరుపు కాబట్టి పరువు దక్కింది. కానీ నాలుగు వైపులా నల్ల అంచు. దాని లెక్కలో నాలుగు వైపులా గోతులు. పాపం, దీవిలో చిక్కినట్టు గిరగిరా తిరిగి, కాస్త నీడ కనపడిందని, తివాచీ మీదికి సగం ఉన్న దివాన్ కిందకు దూరి, లోపల అడ్డపట్టీల మధ్య ఇరుక్కుపోయింది. ఇరుక్కుపోయి, దొరసానిలాంటి ఆడ గొంతుతో, నన్ను వేరే చోట పెట్టమని ఇంగ్లీషులో అరవడం మొదలుపెట్టింది. ఎదురు మాట్లాడదనుకున్నది మాట్లాడింది, అదీ నాకు సగమే అర్థమయ్యే భాషలో.

అప్పుడే విమల ఫోన్. "ప్రసన్న తొందరగా బయలుదేరిందట. నేను గూడ వస్తున్న. నేల అయిందా?"

"అయింది గని, జర ఎర్రగ అయింది."

నేను జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఈ ఒక్కటన్న కానియ్యండి నాకు" అంది, చాలా మెల్లగా. తర్వాత గొంతు సర్దుకుని, "నిమ్మకాయలు పిండి ఆ నీళ్ళతోని తుడవండి. ఎరుపు పోయి పసుపైతది. తర్వాత మంచినీళ్ళు. చేతితోని తుడవాలె. మిషన్‌తోని కాదు" అంది.

ఫోన్ పెట్టేసి గోడ మీది తాత ఫోటో వైపు చూశాను. ఆయన మీసం దువ్వుకుంటూ నిటారుగా నిలబడి ఉన్నాడు. నేను తలకు తువ్వాలు చుట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. మా వెన్నెముక అన్ని తరాల్లో ఎప్పుడూ చేయని శబ్దం చేసింది.

మాస్టారు పోయి తమ ఇంట్లో నిమ్మకాయలన్నీ తెచ్చి పిండిపెట్టారు. నేను తుడిచాను. బకెట్ల కొద్దీ తుడిచాను. తుడుస్తుంటే ఒక సంగతి తెలిసింది: మా సామాను పాదాల చుట్టూ ఏళ్ళనాటి దుమ్ము ఉంది. సామాను చుట్టూ తిరిగి ఊడ్చేవాళ్ళు నిజంగా చుట్టూతానే ఊడ్చారు. ఎరుపు పోయింది, పసుపూ పోయింది, టైళ్ళ సందుల్లో మాత్రం సన్నటి పసుపు గీతలు మిగిలాయి. ఇక ఇంగ్లీషు గొంతు ఒక్కటే ఆపాలి. చీపురు తీసుకుని బోర్లా పడుకుని దివాన్ కిందకు సగం దూరాను. చీపురు కొసతో మీట నొక్కి ఆ గొంతు ఆపాను.

అదే సమయానికి తలుపు దగ్గర మాటలు వినపడ్డాయి. విమల, ప్రసన్న కింద గేటు దగ్గరే కలిశారట. నేను బయటకు రాబోయాను. రాలేకపోయాను. రోబోకు ఏ జబ్బు వచ్చిందో నాకూ అదే వచ్చింది.

"పసుపు నీళ్ళతోని కడుగుతరా ఆంటీ?" ప్రసన్న గొంతు. "మా అమ్మ గూడ గట్లనే చేసేది. ఇల్లంత ఎంత మంచి వాసనొస్తున్నది."

"శుక్రవారం గదమ్మా" అంది విమల, తడుముకోకుండా.

అంతలో నా ముఖం ముందు ఒక పసివాడి ముఖం ప్రత్యక్షమైంది. దివాన్ కిందకు పాక్కుంటూ వచ్చి, నన్ను తేరిపార చూసి, తడిసిన నా మీసం గుప్పిట పట్టుకుని గుంజాడు. గుంజి, కిలకిల నవ్వాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. మీసం గుంజినందుకే అని అప్పుడు అనుకున్నాను.

"చింటూ, చింటూ" అంటూ ప్రసన్న వంగి చూసింది. లుంగీ, తువ్వాలు, పసుపు చేతులు, చీపురు అన్నీ కనపడ్డాయి. "ఆంటీ, వీడు ఎవ్వరి దగ్గరకు పోడు. మా అత్తమ్మ ఎత్తుకున్నా ఏడుస్తడు. మీ పనాయన దగ్గరకు ఎట్ల పోయిండో చూడండి" అని నా వైపు తిరిగి, "తాతా, నువ్వు రోజూ ఇక్కడనే ఉంటవా?" అని అడిగింది.

తలుపు దగ్గర సుబ్బారావు మాస్టారు దగ్గు ఆపుకుంటున్నారు. విమల నా వైపు చూసింది. ఆ చూపులో భయం కూడా ఉంది. నేను ఎవరినో, మా తాత ఎవరో, నాదర్‌గుల్ ఎవరిదో ఇప్పుడు చెప్పేస్తానని భయం. చెప్పేవాణ్ణే. కానీ నన్ను తాత అని పిలిచినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

"రోజూ ఉంటనమ్మా" అన్నాను, దివాన్ కిందనుంచే.

"అయితే సోమవారం నుంచి పంపిస్త ఆంటీ" అంది ప్రసన్న.

వాళ్ళు వెళ్ళాక వాచ్‌మెన్, మాస్టారు కలిసి దివాన్ ఎత్తితే నేనూ రోబో బయటపడ్డాం. ఎవరం ఎక్కువ అలిసిపోయామో చెప్పడం కష్టం. విమల నవ్వి నవ్వి, నడుము పట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకుని, "నౌకరీ దొరికింది గద. జీతం మాత్రం అడగకండి" అంది. నేను పనాయనను కాదని తర్వాత తెలిసి ప్రసన్న ఎన్నోసార్లు క్షమాపణ చెప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. క్షమించాల్సిన తప్పు ఏముందని?

కాబట్టి మా వంశంలో ఇంకా మిగిలిన గౌరవం ఎంతుంటే అంత మీద ఒట్టేసి ఇందుమూలంగా తెలియజేస్తున్నాను: ఇకమీదట పసుపు రాసిన గడప దరిదాపులకు ఏ యంత్రాన్నీ పోనివ్వను. యంత్రానికి సబ్బు పొడి తాగించను. ఈ ప్రమాణాన్ని ఇంకా ఘనంగా, సంస్కృత పదాలు వేసి ముగించాలనే ఉంది గానీ, హాల్లో ఎవరో నిద్రలేచి ఏడుస్తున్నారు. తాతను పిలుస్తున్నారు. వెళ్ళి వంగాలి.