నాలుగో నిద్ర లేచిన వారం

మొన్న గురువారం ఉదయం పది ఇరవైకి హోసూరులో ఎక్కిన కృష్ణగిరి బస్సు సూళగిరిలో ఆగినప్పుడు, ఒకామె మల్బరీ ఆకు మోపును నా కాళ్ళ పక్కన దించి కూర్చుంది. ఆ పచ్చివాసన తగలగానే కిటికీ బయటి కంపెనీ షెడ్లన్నీ మంచులా కరిగిపోయి, నాకు మళ్ళీ పదహారేళ్ళ ఐదు నెలల వయసు వచ్చేసింది.

మా పల్లె సూళగిరికి రెండున్నర మైళ్ళు. ఇంట్లో ముప్పైయెనిమిది తట్టల పట్టుపురుగులు. మేపిన ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, తక్కినవారి కోసం చెబుతాను: పట్టుపురుగు నాలుగుసార్లు నిద్రపోతుంది, నాలుగో నిద్ర లేచాక ఏడు రోజులు ఆగకుండా తింటుంది, ఆ ఏడు రోజులూ ఇంటిల్లిపాదికీ ఇంకో పని ఉండదు. ఆ ఏడాది అమ్మ కాన్పుకని సామల్పట్టిలో అమ్మమ్మ దగ్గరుంది. ఇంట్లో నాన్నా నేనే. పురుగులు నాలుగో నిద్ర లేచిన రోజే హోసూరులో నా ఎస్సెస్సెల్సీ పరీక్షలు మొదలు, వరుసగా ఆరు రోజులు. వచ్చే ఏడు రాద్దువులే అన్నాడు నాన్న, కోపం లేకుండానే. చదువు ఆగిన ఆడపిల్లకు వచ్చే ఏడంటూ ఉండదని, మా ఊళ్ళో నాకంటే ముందు మానేసిన ఐదుగురిని చూసి నాకు తెలుసు.

సంగతి మా లెక్కల అయ్యవారికి ఎవరు చేరవేశారో నేటికీ తెలియదు. ఆయన వారం సెలవు పెట్టి, తెల్లవారి ఐదున్నరకు సూళగిరి నుంచి సైకిలు మీద వచ్చి మా గడప ముందు దిగి, కొడవలి ఇమ్మన్నారు. నాన్న ఒక్కటే షరతు పెట్టాడు. అయ్యవారికి ముక్కుపొడి అలవాటు. పొగాకు సోకిన చెయ్యి ఆకును ముట్టుకుంటే పురుగు బతకదు. ఆయన డబ్బీని వాకిట్లో రాయి కింద పెట్టి, మోచేతుల దాకా శీకాయతో కడుక్కుని లోపలికి వచ్చేవారు. మంచు విడవని తోటలో ఆయన ఆకు కోస్తూ సిద్ధాంతాలు అడగడం, నేను బుట్ట పట్టుకుని అప్పజెప్పడం, ఆకు వేశాక ఇంట్లో పురుగులు తినే చప్పుడు సన్నటి జల్లులా వినబడుతుండడం... ఇదంతా కలగన్నానేమో అనిపిస్తుంది గాని, నా పాత నోటుపుస్తకంలో ఏడు తేదీలూ ఉన్నాయి. ఏడున్నర బస్సుకు నన్ను పంపి, పగటి మేతలు వాళ్ళిద్దరే చూసుకునేవారు.

మూడో రోజు మూడు గంటలకు నేను తిరిగివచ్చేసరికి ఇద్దరూ ఒక తట్టకు చెరో పక్క నిలబడి ఉన్నారు. తట్టలోని పురుగులు తలలెత్తి పచ్చటి నీరు కక్కుతున్నాయి.

"తెల్లారి నిద్రమత్తులో దోవలో ఒక చిటికె పీల్చినానప్పా," అన్నారు అయ్యవారు, తల వంచుకుని. "చేతులు కడిగినాను గానీ, వేళ్ళు తుడుచుకున్న పైపంచె మరిచినాను. తప్పు నాదే."

మరునాడే లెక్కల పరీక్ష. ఇక నాన్న ఆయన్ని పంపేస్తాడు, నన్ను ఇంట్లో నిలిపేస్తాడు అనుకుని, పుస్తకాలు దించకుండా అట్లాగే నిలబడ్డాను. నాన్న ఆ తట్ట పట్టుకెళ్ళి చేను గట్టున పూడ్చి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"పోయింది ఒక తట్టే గదా. పురుగును మళ్ళా మేపుకుంటాము అయ్యవారూ. పాప రేపటి పరీక్షను యాడనుంచి తెచ్చేది? మీరు రేపు గూడా రండి, పైపంచె ఇంట్లోనే పెట్టి, చేతులు కడుక్కోని, గట్టు మీద కూచోని ఆకు కోసియ్యండి. మీ ముక్కును మాత్రం గడప ఈ పక్కకు తేవద్దండి."

అయ్యవారు నవ్వలేక నవ్వారు. తక్కిన నాలుగు రోజులూ ఆయన గడప దాటలేదు, రావడం మానలేదు. నాకు లెక్కల్లో తొంభైమూడు వచ్చాయి.

తరువాత నేనూ కృష్ణగిరిలో ముప్పైయొక్క ఏళ్ళు పాఠాలు చెప్పాను. అన్నేళ్ళలో పిల్లల ఇళ్ళకు వెళ్ళింది పదకొండు సార్లు. ఆయన ఒక్క నా కోసమే ఏడు సార్లు వచ్చారు. ఇప్పుడు మా మనవరాలి టీచరమ్మ మంచి పిల్ల, పాఠం బాగా చెబుతుంది, కబురంతా ఫోనులో పంపుతుంది. ఆమె ఒకనాడు మా తలుపు తడితే, పిల్ల ఏం తప్పు చేసిందోనని ముందు కంగారుపడేది మేమే. మన గడపకు వచ్చే అయ్యవార్లతోపాటు, వచ్చినవాళ్ళ చేతికి కొడవలి ఇచ్చే ఇళ్ళూ తగ్గిపోయాయి.

బస్సు సూళగిరి దాటుతుంటే వీధులన్నీ వెతికి చూశాను. మా ఇంటి దారి ఆయనకు చీకట్లో కూడా తెలుసు. ఆయన ఇల్లు ఏ వీధిలో ఉండేదో నేను ఒక్కనాడూ అడగలేదు.