తెరలేని నాటకంతో మూడూళ్లు

కడప స్టేషనుకు ఉదయం ఆరూ ఇరవైకి రావలసిన ప్యాసింజరు ఏడు గంటలకు వచ్చింది. మాలో ఎవరూ నొచ్చుకోలేదు. మా ముఖ్య వేషధారి ఖాదర్ సాహెబు ఆరూ యాభైకి వచ్చాడు కాబట్టి రైలే మర్యాద పాటించిందనుకున్నాం.

మొత్తం తొమ్మిది మందిమి. క్రిస్మసు సెలవుల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చూసి, అంటే ఆ మూడూళ్లవాళ్లకు మా నాటకం చూపించి రావడం మా పని. ఆ పైన ఆంధ్ర రాష్ట్రపు కొత్త రాజధాని కర్నూల్లో పెద్దల ముందు ఆడవలసి ఉంది. ఈ మూడూళ్లూ దానికి సాధన అనుకోవచ్చు. నాటకం పేరు ‘పంపకం’. ఒక రైతు తన పొలాన్ని ముగ్గురు కొడుకులకు పంచుతాడు. అంతే కథ. పద్యాలు లేవు, హార్మోనియం లేదు, కిరీటాలు లేవు. జనం ఎందుకు వస్తారని అడిగినవాళ్లకు మా దగ్గర జవాబు కూడా లేదు.

నాటకాన్ని ఆడిస్తున్నది సుబ్బరాయుడు అయ్యవారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్తారు. ఇరవై ఏళ్లు నాటకాల తెరల మీద రాజదర్బారులూ ఉద్యానవనాలూ గీసి గీసి, చివరికి అసలు తెరలే వద్దన్న మనిషి. వెనక తెర లేదు, పక్క తెరలు లేవు. ఆట సాయంత్రం నాలుగున్నరకు, సూర్యుడి వెలుతుర్లోనే. ‘మొహం కనపడాలంటే అంతకన్నా మంచి దీపం లేదు’ అంటారాయన. ఊరు చేరగానే ముందు స్థలం చూస్తారు. ఆ స్థలాన్ని బట్టి ఎవరు ఎటునుంచి రావాలో మారుస్తారు. మధ్యాహ్నం భోజనం వేళకు మా ఆట ఎలా ఉంటుందో మాకే తెలియదు.

ఈ మార్పుల్లో ఎక్కువ నష్టపోయింది నేను. జిల్లా బోర్డు ఆఫీసులో గుమాస్తాను, బి.ఏ. చదివాను. మా నాటక సమాజంలో మాత్రం ప్రాంప్టరును. పక్క తెర చాటున నిలబడి నటులు మరిచిపోయిన మాటలు మెల్లగా అందిస్తాను. అది చిన్న పదవి కాదు. కొన్ని నాటకాల్లో నా మాటలే ఎక్కువ. తెరలు తీసేస్తే నేనెక్కడ నిలబడాలని అడిగాను. అయ్యవారు ఒక్క నిమిషం ఆలోచించి, ‘నిలబడొద్దు, కూర్చో’ అన్నారు. భాగపరిష్కారం కాగితం రాయడానికి రైటరు కావాలి కదా, ఆ రైటరు వేషం నాది. ముందొక రాతబల్ల, దాని మీద దస్తావేజులా నాటకం పుస్తకం. తల వంచుకుని రాస్తున్నట్టు నటిస్తూ మాటలు అందించాలి. ఇదేదో గొప్ప ఏర్పాటని ఇద్దరం అనుకున్నాం.

నా అవసరం ముఖ్యంగా ఖాదర్ సాహెబుకే. ఆయన కడపలో దర్జీ. ముప్పై ఏళ్లు రాజు వేషాలు కట్టాడు. చిన్నప్పుడు ఆయన్ని చూసే సుబ్బరాయుడు అయ్యవారికి నాటకం పిచ్చి పట్టింది. ఇప్పుడు గొంతు జీరపోయి రాజు వేషాలకు ఎవరూ పిలవడం లేదు. ఈ రైతు వేషం అయ్యవారే పిలిచి ఇచ్చారు. రైల్లో నా పక్కన కూర్చుని సాహెబు అన్నాడు: “పద్యమైతే శ్రుతి పెట్టెలో ఒక్క మెట్టు నొక్కితే సాలు నాయనా, దాని ఎంబడి మాటలన్నీ వస్తాయి. ఈ వచనానికి పట్టుకునేకి పిడి యాడుంది? ఇదీ పోతే ఇంగ గుడ్డలు కుట్టుకుంటా కూసోవాల్సిందే.” నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఎనిమిదిన్నరకు ఎర్రగుంట్లలో దిగాం. స్టేషను బయట బొరుగుల ఉగ్గానీ, బజ్జీలూ దొరుకుతాయి. ఈ దారిన పోయేవారు అక్కడ తినడమే మంచిది, ప్రొద్దుటూరు బస్సు ఎప్పుడు కదిలేదీ డ్రైవరు చెప్పడు. తొమ్మిదింబావుకు కదిలి, పెన్న దాటి పదింటికి ప్రొద్దుటూరు చేర్చింది. బట్టల వ్యాపారి ఒకాయన తన గోడౌను ముందరి ఆవరణ ఇచ్చాడు. అయ్యవారు దాన్ని మూడుసార్లు చుట్టి, కొడుకులు ముగ్గురూ జనంలోనే కూర్చుని ఉండాలనీ, తండ్రి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిస్తే అక్కణ్ణుంచే లేవాలనీ చెప్పారు. అది బాగా పండింది. పెద్దకొడుకు లేచినప్పుడు పక్కనున్నాయన “కూసోప్పా, ముందర కనపళ్లే” అని చొక్కా పట్టి లాగాడు.

చివరి ఘట్టం దాకా అంతా సవ్యంగానే నడిచింది. అక్కడ తండ్రి పంపకం చెప్పాలి. పెద్దోడికి ఏ చేను, నడిపోడికి ఏ చేను, చిన్నోడికి ఏ చేను, బావి మాత్రం ముగ్గురికీ ఉమ్మడి. పది వాక్యాలుండవు. ఖాదర్ సాహెబు మొదటి వాక్యం దగ్గరే నిలిచిపోయాడు. నేను తల వంచి అందించాను. ఆయన చెవికి చేరలేదు. ఇంకొంచెం గట్టిగా అందించాను. ఈసారి రెండో వరస దాకా చేరింది.

“రైటరప్పా, ఇంగా గట్టిగా జెప్పు! ముసిలాయప్పకు ఇనపళ్లేదు!” అన్నాడొకడు.

ఆవరణంతా నవ్వింది. ఆ నవ్వులో సాహెబుకు పాత అలవాటు ఆదుకుంది. చేతిలోని కర్రను గదలా ఎత్తి, ఏదో పాత నాటకంలో రాజు పద్యం అందుకున్నాడు. గోచీ కట్టిన రైతు రాజ్యాల గురించి పాడుతుంటే జనం ఈలలు వేశారు. “వన్స్ మోర్!” అన్నారు. మూడుసార్లు పాడించారు. పొలం పంపకం జరగనే లేదు. ప్రొద్దుటూరువాళ్లు ఆట బ్రహ్మాండమన్నారు. అయ్యవారు ఆ పూట సంగటి ముద్ద ముందు పెట్టుకుని చాలాసేపు చూశారు.

మర్నాడు ఎనిమిది గంటల బస్సుకు జమ్మలమడుగు వెళ్లాం. కూర్చోవడానికి చోటు దొరికింది, మోకాళ్లకు దొరకలేదు. అక్కడ అయ్యవారు ఏ ఆవరణా వద్దని పెన్న ఇసుకలో ఆట పెట్టారు. జనం గట్టు మీద మెట్లు మెట్లుగా కూర్చున్నారు. మేము కింద ఇసుకలో. కొడుకులు ఏటి అవతలి వైపునుంచి నడిచి వచ్చేసరికి కథలో సగం చెప్పకుండానే చెప్పినట్టయింది. ఎంత దూరంనుంచి వస్తే అంత పెద్ద తగాదా అనిపించింది. రాతబల్లను సాహెబు మోకాలికి తగిలేంత దగ్గరగా జరిపారు. అన్నీ ఆలోచించారు, గాలి ఒక్కటి తప్ప. సరిగ్గా పంపకం దగ్గర పెన్న మీదుగా ఒక విసురు వచ్చి నా పుస్తకంలోని చివరి కాగితాలను లేపింది. రైటరు వేషంలో ఉన్నాను, లేచి పరుగెత్తకూడదు. పరుగెత్తాను. కాగితాలు నీళ్లలో పడ్డాయి.

వెనక్కి తిరిగి చూస్తే ఖాదర్ సాహెబు నిలబడి ఉన్నాడు. పద్యం కూడా పాడలేదు. అయ్యవారికి మాటిచ్చాడట, ఈసారి పాడనని. నోరు తెరిచాడు, మూశాడు. చివరికి పెద్దకొడుకు వేషధారి ముందుకొచ్చి, “నాయన మనసులో మాట మాకు తెలుసులే” అని నాటకం ముగించాడు. పొలం రెండో రోజు కూడా ఉమ్మడిగానే మిగిలింది.

సత్రంలో మా కార్యదర్శి ఓబులరెడ్డి మాట దాచుకోలేదు. ప్రయాణం ఏర్పాట్లన్నీ ఆయనవే, కర్నూలు ఏర్పాటు కూడా.

“అయ్యవారూ, రేపు పులివెందుల. ఆడ గూడా నిలబడిపోతే కర్నూలుకు ఇంగొకన్ని సూస్కుందాం. ఆయప్ప మీద నాకేం కోపం ల్యా. ఆడ పెద్దపెద్దోళ్ల ముందర నగుబాటు కావాలనా?”

“రేపు సూద్దాంలేప్పా” అన్నారు అయ్యవారు.

పక్క గదిలో సాహెబు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. వినలేదనుకున్నాం. పొద్దున్నే లేచి తన మూట విడిగా కట్టుకుని, పులివెందులనుంచి కడప బస్సు ఎప్పుడెప్పుడుందని నన్నడిగాడు. విన్నాడన్నమాట.

ఏడున్నరకు ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు. ముద్దనూరులో రైలు గేటు పడి అరగంట ఆగాం. అక్కడ కండక్టరు తోలుసంచి పట్టీ తెగింది. “సాయిబుమామా, దర్జీవంట గదా, రోంత సూడు” అని దాన్ని సాహెబు ఒళ్లో పడేశాడు. సాహెబు టోపీలో గుచ్చుకున్న సూది తీసి, దారం ఎక్కించి, కుట్టడం మొదలుపెట్టాడు. కుడుతూ కండక్టరుకు ఒక కథ చెప్పాడు. కమలాపురంలో ఒక పెళ్లికొడుకు షేర్వానీ కొలతలకు తాను రాకుండా తన తమ్ముణ్ణి పంపిన సంగతి. తమ్ముడి భుజమెంత, అన్న పొట్టెంత, అత్తగారు ఏమంది, మామ ఏమన్నాడు, ఏ గుండీ ఎక్కడ ఊడింది, అన్నీ వరసగా, ఒక్క మాట తడబడకుండా, ఒక్క పేరు మరవకుండా. బస్సంతా పొట్ట పట్టుకుని నవ్వింది. పట్టీ కుట్టు పూర్తయింది, దారం కొరికాడు, కథ ఆగిపోయింది.

“ఆమ్యాల ఏమయ్యా?” అని తర్వాతి కథ అడిగాడు కండక్టరు.

“ఆమ్యాలా...” అని సాహెబు ఖాళీ చేతుల వంక చూసుకున్నాడు. “ఏందో ఉన్నింది నాయనా, తప్పిపాయ.”

సుబ్బరాయుడు అయ్యవారు నవ్వలేదు. ఆయన కుట్టునే చూస్తున్నారు.

పదకొండుకు పులివెందుల. అయ్యవారు మొదటిసారి స్థలం చూడ్డానికి పోలేదు. తిన్నగా చెనిక్కాయల మండీకి పోయి అర మూటె వేరుశెనగ కాయలు అడిగి తెచ్చారు. సత్రం వరండాలో వాటిని కుమ్మరించి సాహెబును ముందు కూర్చోబెట్టారు.

“మాటల సంగతి ఇడ్సిపెట్టు సాహెబూ. నీకు ముగ్గురు కొడుకులు. ఈ కాయలు పంచు.”

“ఎట్ల పంచల్ల?”

“అది నాకేం ఎరక? తండ్రివి నువ్వు.”

సాహెబు గుప్పెడు తీశాడు. ఒక కుప్ప పోశాడు. పోస్తూ పోస్తూ, “పెద్దోడా, కట్టకింద చేను నీది” అన్నాడు. నేను ఏట్లోంచి తీసి ఆరబెట్టుకున్న కాగితాలతో పుస్తకం తెరవబోయాను. అయ్యవారు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని తన సంచిలో వేసుకున్నారు. సాయంత్రం రైటరు ఉండడనీ, జనంలో కూర్చోమనీ చెప్పారు. నాకు పిచ్చి కోపం వచ్చింది. అంతకన్నా భయం వేసింది.

నాలుగున్నరకు మార్కెట్టు చదరంలో ఆట. జనం మూడువైపులా గొంతుక్కూర్చున్నారు. ఎక్కువమంది రైతులే. నడుమ ఒక గోనెపట్ట, చెనిక్కాయల రాశి, ఖాదర్ సాహెబు. పంపకం వచ్చింది. పెద్దోడి కుప్ప పోశాడు, మాట వచ్చింది. నడిపోడి కుప్ప పోశాడు, మాట వచ్చింది. మూడో గుప్పెడు తీసి ఆగాడు. నా నోట్లో తర్వాతి వాక్యం సిద్ధంగా ఉంది. పళ్లు బిగించి ఆపుకున్నాను. సాహెబు గుప్పిట విప్పి, అందులో పుచ్చిన కాయ ఒకటి ఏరి అవతలికి విసిరాడు. ఇది ఎవరూ చెప్పింది కాదు. తక్కినవి మెల్లగా జారవిడుస్తూ, “చిన్నోడా, నీది రాళ్లచేను. మంచిది ఇయ్యలేకపోతి” అన్నాడు. చివర ఒక్క కాయ వేళ్ల మధ్య మిగిలింది. దాన్ని మూడు కుప్పల నడుమ పెట్టాడు.

“ఇది బాయి. దీన్ని మాత్రం కొయ్యొద్దండప్పా.”

పుస్తకంలో ఆ మాట ఇంతకు మూడింతలుంటుంది. ఎవరికీ తక్కువనిపించలేదు. నా పక్కనున్న ముసలాయన కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

ఆట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లేచి నేరుగా గోనెపట్ట దగ్గరకొచ్చారు.

“సాయిబూ, నడిపోనికి తక్కువ పెడితివే!”

“తక్కువేంది? పెద్దోని కుప్ప పల్చగుండాది, సూడు!”

“రాళ్లచేను ఇస్తివి, సరే. చిన్నోనికి ఇంగో రెండు గుప్పిళ్లు ఏయకూడదా?”

పావుగంట వాదించారు. కాయలను కుప్పలవారీగా అటూ ఇటూ సర్దారు, కొన్ని తినేశారు. ఖాదర్ సాహెబు ఆ గుంపు నడుమ చతికిలబడి, ముగ్గురు కొడుకులున్న తండ్రిలాగే అందరికీ జవాబు చెప్పాడు. సుబ్బరాయుడు అయ్యవారు దూరంగా ఎద్దులబండి నొగ మీద కూర్చుని బీడీ ముట్టించారు. ఆయన బీడీ తాగుతారని మాకెవరికీ తెలియదు.

ఓబులరెడ్డి గొంతు సవరించుకుని వచ్చాడు. “కర్నూల్లో మంచి చెనిక్కాయలు దొరుకుతాయో లేదో. ఈణ్ణుంచే ఒక మూటె ఏస్కపోదాం సాహెబూ. నువ్వే ఏరు” అన్నాడు. తప్పు ఒప్పుకోవడంలో ఆయన పద్ధతి అది.

మరునాడు ఏడింటి బస్సుకు వేంపల్లె మీదుగా కడప బయల్దేరాం. పులివెందులలో పొద్దున పొంగనాలు వేడిగా ఉంటాయి, తిని ఎక్కండి. వేంపల్లెలో బస్సు ఆగుతుంది కానీ టీ వచ్చేంతసేపు ఆగదు. సాహెబు చెనిక్కాయల మూట మీద తల ఆనించి నిద్రపోయాడు. కర్నూలు ప్రయాణం ఏ తారీఖని రెండుసార్లు అడిగాకే కళ్లు మూశాడు.

నా పక్కన కూర్చున్న రైతు నిన్నటి ఆట చూసినవాడే. “అందరూ ఏషాలు ఏసినారు. నువ్వేం జేస్తావప్పా ఈళ్లల్లో?” అన్నాడు.

“మాట మరిచిపోయినోళ్లకు గుర్తు చేసే పని. నిన్నటితో తీసేసినారు” అన్నాను.

“అయ్యో పాపం” అన్నాడాయన.

మూడూళ్లలో అయ్యవారు తెర తీసేశారు, గోడ తీసేశారు, చివరికి నన్నూ తీసేశారు. తీసేసిన ప్రతిసారీ నాటకంలో ఒక మనిషి ఎక్కువగా కనపడ్డాడు. ఉద్యోగం పోయి ఇంత తేలిగ్గా ఇంటికి పోతున్నవాణ్ణి ఆ బస్సులో నేనొక్కణ్ణే అనుకుంటాను.