ఎడమవైపు స్టీరింగ్

మా అన్న మస్కట్‌లో ఇరవై ఏళ్లు లారీ నడిపాడు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, గేరు కుడిచేత్తో వేయాలి. సెలవు మీద వచ్చి ఇక్కడి బండి ఎక్కితే మొదటి రెండు రోజులు గేరు కోసం తలుపు తడుముకునేవాడు. మేమంతా పడి పడి నవ్వేవాళ్లం. చివరిసారి వచ్చినప్పుడు ఎవరం నవ్వలేదు. అక్కడ సరుకు దింపుతుంటే ఇనుప కమ్మీల కట్ట మీద పడి, ఎడమకాలు మోకాలి కింది నుంచి పోయింది. ఎడమ భుజం నలిగింది. కాలికి పెట్టుడు కాలు వచ్చింది గానీ, ఆ చేతికి మాత్రం పట్టు రాలేదు. చెంబెడు నీళ్లు ఎత్తాలన్నా కుడిచేయి సాయం పట్టాల్సిందే.

మాది ఎల్లారెడ్డి దగ్గర ఊరు. పొలం ఊరికి దూరంగా, అడవి అంచున ఉంటుంది. అక్కడికి పోవాలన్నా, కామారెడ్డి పోవాలన్నా బండి మీద తీసుకుపొమ్మని అన్న నన్ను అడగాలి. నాకు తొందరెక్కువ, నోరు కూడా మంచిది కాదు. "ఇప్పుడేం పనున్నదే అన్నా అక్కడ" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో చెప్పలేను. ఆయన రెండోసారి అడిగేవాడు కాదు. ఏ పనీ లేనట్టు గడప మీద కూర్చుని, చెప్పులు వేసుకున్న కాళ్ల వంక చూసుకునేవాడు.

ఒకసారి తాడ్వాయిలో చుట్టాలింటికి పోయినప్పుడు వాళ్ల కొట్టంలో పాత మిలిటరీ జీపు కనబడింది. ఆ ఇంటి తాత ఎప్పుడో సికింద్రాబాద్‌లో వేలంలో కొన్నాడట. సీట్లో కోడి గుడ్లు పెట్టింది. టైర్లు మట్టిలో కూరుకుపోయాయి. అన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమవైపు ఆగిపోయాడు. స్టీరింగ్ ఎడమవైపే ఉంది.

"తమ్మీ, ఇది నాకోసమే ఆగినట్టున్నదిరా" అన్నాడు. ప్రమాదం తర్వాత ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

అన్న జీపును కొన్నాడు. దాన్ని లారీ మీద ఎక్కించి కామారెడ్డిలో ఒక మిస్త్రీ షెడ్డుకు తెచ్చాం. పాత ఇంజన్ పనికిరాదని ఆయన డీజిల్ ఇంజన్ వెతికి పెట్టాడు. అన్న పీట వేసుకుని కూర్చుని కుడిచేత్తో తుప్పు గీకేవాడు. ఆకుపచ్చ రంగు కింద ఇంకో ఆకుపచ్చ, దాని కింద తెల్ల అంకెలు బయటపడ్డాయి. ఆ అంకెల మీద రంగు వేయొద్దన్నాడు. అసలు పని క్లచ్‌ది. ఎడమకాలితో తొక్కాల్సిన క్లచ్‌ను చేతికి మార్చాలి.

"గేరు రాడ్డు మీదనే పిడి పెడత. కుడి చెయ్యితోని పిడి ఒత్తుడు, అదే చెయ్యితోని గేరేసుడు. ఎడమ కాలుకు పనే ఉండది" అన్నాడు మిస్త్రీ.

"ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద ఆనిస్తే చాలు" అన్నాడు అన్న. "ఇగ పొలం కాడికి ఎవ్వర్నీ అడిగే పని లేదు."

ఆ మాట నన్నే అన్నాడని నాకు తెలుసు. కోపం రాలేదని చెబితే అబద్ధం.

ఇంజన్ పలికిన వారంలోనే అన్న పెట్టుడు కాలు సరి చేయించుకోవడానికి హైదరాబాద్ పోయాడు. అక్కడ పెళ్లయిన బిడ్డ ఇంట్లో పదిహేను రోజులు ఉన్నాడు. చేతి క్లచ్ ఇంకా బిగించలేదు. ఎట్లా నడుస్తుందో చూద్దామని నేనే జీపును ఎల్లారెడ్డి రోడ్డు మీదికి తీశాను. ముందు చెరకు ట్రాక్టర్ పోతోంది. ఎడమవైపు కూర్చున్న నాకు దాని అవతల ఏముందో కనబడలేదు. కొంచెం పక్కకు తీసేసరికి ఎదురుగా బస్సు. ఎట్లా తప్పించానో నాకే తెలియదు.

తిన్నగా షెడ్డుకు పోయి, స్టీరింగ్ కుడివైపుకు మార్చమన్నాను.

మిస్త్రీ చేతిలోని పాన పక్కన పెట్టాడు. "అన్నను అడిగినవా పటేలా?"

"అడిగిన."

"మరి చెయ్యి క్లచ్?"

"అది తర్వాత చూద్దాం. ఇప్పటికి మామూలు పెడలే ఉండనియ్యి."

బస్సు భయం నిజమే. కానీ అదొక్కటే కాదు. అన్న మళ్లీ బండి నడుపుతాడని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు. పక్కన నిలబడి పానలు అందించాను, రంగు ఎంచాను, ఊళ్లో గొప్పలు చెప్పాను. లోపల మాత్రం, ఆఖరుకు నడిపేది నేనే కదా అనే అనుకున్నాను. నాకు అనువుగా మార్పించుకున్నాను. దానికి అన్న క్షేమం అని పేరు పెట్టుకున్నాను.

అన్న వచ్చిన రెండో రోజు జీపును షెడ్డు నుంచి తెచ్చి ఇంటి ముందు పూజ పెట్టాం. వదిన బండికి పసుపు, కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టాక, బండి ఎవరిదైతే వాళ్లే ఎక్కి నిమ్మకాయలు తొక్కించాలి. అన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముందే చెప్పాలని పొద్దుటి నుంచి అనుకుంటూనే, పూజ పనుల వంకతో తప్పించుకు తిరిగాను. ఆయన వెనుక నుంచి తిరిగి, బండి లోపలికి చూడకుండానే, అలవాటుగా ఎడమవైపుకు పోయాడు. కుడిచేత్తో చట్రం పట్టుకుని, బాగున్న కాలు పైన పెట్టి, ఒళ్లంతా లాక్కుని ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగ్ కోసం చేయి చాపాడు.

అక్కడ ఏమీ లేదు. చాపిన చేతిని మెల్లగా మోకాలి మీద పెట్టుకున్నాడు. వదిన హారతి పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఎడమ స్టీరింగ్ బండిని ఆర్టీవో ఆఫీసుల పాస్ చెయ్యరంట అన్నా" అన్నాను. నేను ఏ ఆఫీసులోనూ అడగలేదు.

"సరే. నువ్వే తొక్కియ్యి తమ్మీ" అన్నాడు.

నిమ్మకాయలు తొక్కించి పొలం దారి పట్టాను. మలుపు వచ్చినప్పుడల్లా అన్న కుడికాలు అక్కడ బ్రేకు ఉన్నట్టు కింది రేకును నొక్కుతోంది. వాగు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే గేరు మార్చబోయాను. అప్పటికే ఆయన చేయి గేరు రాడ్డు మీద ఉంది. నా చేయి తగలగానే గబుక్కున తీసేసి తొడ కింద పెట్టుకున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. బండి ఆపకుండా నడిపాను.

పొలం గట్టున ఆపాక అన్న దిగలేదు.

"నేను అడిగిన తమ్మీ" అన్నాడు.

"ఎవరిని?"

"ఆఫీసుల. జీపు చూసొచ్చిన తెల్లారే బస్సుల పోయి అడిగిన. పాత బండి, సిగ్నల్ లైట్లు మంచిగ పనిచేస్తే ఎడమ స్టీరింగ్ ఉన్నా నడుస్తదన్నరు."

నేను ఇంజన్ ఆపేశాను. అన్న నా వైపు తిరిగాడు.

"నాతోని కాదనుకుంటే మొఖం మీదనే అనకపోయినవా. కొట్లాడెటోన్ని. గిట్ల నా యెనుక చేసినవేంది?"

దిగి, గట్టు మీద మెల్లగా నడుచుకుంటూ పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు జీపు ఎక్కలేదు.

ఆ రోజు నుంచి అన్న పొలానికి నడిచే పోతున్నాడు. పెట్టుడు కాలు ఒరుసుకుని పుండు పడిందని వదిన చెప్పింది. ఊళ్లో వాళ్లు జీపు చూసి భలే చేయించావంటారు. పెళ్లి ఊరేగింపుకు ఇమ్మని కూడా ఇద్దరు అడిగారు.

మొన్న షెడ్డుకు పోయి అడిగితే, పాత స్టీరింగ్ సామాను మూలన గోనె సంచిలోనే ఉందన్నాడు మిస్త్రీ. నేను అబద్ధమాడిన సంగతి ఆయన అప్పుడే కనిపెట్టాడేమో, పారేయలేదు. "బండి తోలుకరా, ఎప్పటి లెక్కనే చేసిస్త" అన్నాడు. అప్పటికప్పుడు తోలుకుపోయి మార్పించుకొచ్చి, అన్న ముందు నిలబెడదామని మనసు గుంజింది. అట్లా చేస్తే ఈసారి కూడా అడగకుండా చేసినట్టే.

అందుకే అడుగుతున్నాను. రోజూ పొద్దున ఆయన పొలానికి బయలుదేరగానే, జీపు మొదటి గేరులో పెట్టి పక్కనే మెల్లగా నడుపుతాను. "అన్నా, మార్పియ్యనా?" అంటాను. ఆయన ముందుకు చూస్తూ నడుస్తాడు. నేను రెండోసారి అడుగుతాను, మూడోసారి కూడా అడుగుతాను.