ప్యాంటు మడతలో ఇసుక

మా మేడ మీది గదిలో ఉండే రాళ్లాయన సీసాల నిండా బంగారపు పొడి దాచాడనీ, వాటా అడుగుతుందని సొంత చెల్లెలితో తెగతెంపులు చేసుకున్నాడనీ కుళాయి దగ్గర చెప్పుకుంటున్నారు. బంగారమే ఉంటే వానకు కారే ఆ గదిలో ఆయనకేం పని? గాలి కబుర్లకు తోకలెక్కువ. సంగతి తేల్చుకుందామని టీ గ్లాసు పట్టుకుని నేనే మెట్లెక్కాను.

ఆయన తలుపు సగమే తీశాడు.

"దారియ్యి తమ్ముడూ! మోకాళ్లు అరగదీసుకుని వచ్చినదాన్ని, నీ బంగారం చూసి పోతాను."

నవ్వాడు. ఆయన నవ్వగా చూడడం నాకదే మొదటిసారి. గదిలో ఒక మంచం, ఒకే కుర్చీ. అందులో నన్ను కూర్చోబెట్టి తాను నిలబడ్డాడు. కిటికీలో చిన్న సీసా, అడుగున చిటికెడు ఇసుకలాంటిది.

"ఇదే అక్కా నా బంగారం. జిర్కాన్ గింజలు. అమ్మితే నీ టీ ఖరీదు కూడా రాదు."

ఆయన రిటైరయ్యేదాకా పనిచేసింది రాళ్ల వయసు కట్టే పరిశోధనశాలలో. కొండరాయిని పొడి కొట్టి, కడిగి, ఈ గింజలను ఏరడం ఆయన వంతు. గింజ పుట్టినప్పుడే లోపల రవ్వంత యురేనియం చిక్కుకుంటుందట. అది కొంచెం కొంచెంగా, లెక్క తప్పకుండా సీసంగా మారుతుంది. ఎంత మారిందో చూస్తే ఎన్ని కోట్ల ఏళ్లయిందో తెలుస్తుంది. రాయి కరిగినా గింజ ఒక్కోసారి కరగదు, పైన కొత్త పొర కట్టుకుని బతికిపోతుంది. లోపలి వయసు వేరు, పొర వయసు వేరు. నేల ఎప్పుడు గట్టిపడిందో, మళ్లీ ఎప్పుడు కాగిందో అలా కూడబలుక్కుని చదువుతారట.

"బాగుంది. మరి చెల్లెలి గొడవేంటి?"

చెల్లెలు ఇల్లు కట్టుకుంటున్నప్పుడు ఈయన ప్యాంటు మడిచి ఇసుక మోశాడు. మర్నాడు అదే ప్యాంటుతో పనికి వెళ్లాడు. మడతలోని ఇసుక రాతిపొడిలో రాలింది. ఆ ఇసుకలోని పరాయి గింజలు కలవడంతో, రాయి తెచ్చిన కొండ పుట్టుకనే తప్పుగా రాశారు. అది బయటపడి, అచ్చయిన పరిశోధన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.

"మా సారు పల్లెత్తు మాట అనలేదక్కా. తిట్టినా బాగుండేది."

అప్పటినుంచి ఎవరింటి నుంచి బయటికొచ్చినా గుమ్మంలోనే మడతలు దులుపుకోవడం అలవాటైంది. చెల్లెలు రమ్మన్నప్పుడల్లా "చేతిలో రాయి ఉందమ్మా, తర్వాత వస్తా" అనేవాడట. ఆ 'తర్వాత' అలాగే ముసలిదైపోయింది. ఆమె పిలవడం మానేసింది. ఈయనకున్న తోబుట్టువు ఆమె ఒక్కతే.

నాకు ఉండబట్టలేదు.

"ఇప్పుడు రాయీ లేదు, పనీ లేదు. ఆ పిల్ల ఇంటికెళ్లి నాలుగు మెతుకులు తినొస్తే నీ సొమ్మేం పోయింది? ఎందుకు వెళ్లవు, సూటిగా చెప్పు."

ఆయన సీసాను కిటికీలో కాస్త అటు జరిపాడు.

"పోయిన నెల వెళ్లానక్కా. ఏమీ అనకుండా అన్నం పెట్టింది, సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చింది. గడప దాటగానే నా చేతులు వాటంతటవే మడతలు దులిపేశాయి. తను చూస్తూ నిలబడింది."