గుమ్మానికి కట్టిన వల

కూర్మన్నపాలెం వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. సముద్రపొడ్డు పేటల్లో దొంగతనాలు ఎక్కువనీ, ఉంటే స్టీల్‌ప్లాంటు వైపే ఉండాలనీ ముందు సీటువాళ్లు చెప్పుకుంటున్నారు.

"మాది ఒడ్డు పేటేనమ్మా," అంది ఆవిడ నాతో. "కొట్లాటలు నిజమే. కానీ ఇంట్లో ఎవులూ లేకపోతే గుమ్మానికడ్డంగా వల కట్టీసి ఎల్లిపోతాం. వల కట్టిన ఇంట్లోకి ఎంత తాగినోడైనా అడుగెట్టడు." చెబుతుంటే ఆవిడ వేళ్లు గాల్లోనే ముడి వేశాయి.

"ఈ స్టీల్‌ప్లాంటు వైపు కూతురింటికొచ్చిన కొత్తలో నాను అలాగే కట్టీసి సంతకెల్లాను."

"ఏమైంది?"

"గేసు బండ అట్టుకుపోనారు. వల మడతెట్టి పక్కనెట్టినారు."

నవ్వి, మెడలోని తాళంచెవి చూపించింది. దాన్ని వలతాడుకే కట్టుకుంది. తర్వాత దిగేదాకా ఆవిడ కిటికీలోంచి వెనక్కే, సముద్రం ఉన్న వైపే చూసింది.

మూడేళ్లయింది. మా ఇంటికి రెండు తాళాలు, ఒక కెమెరా ఉన్నాయి. బయటికెళ్తూ తాళం లాగి చూసుకున్నప్పుడల్లా ఆ వేళ్లు గుర్తొస్తాయి. నేను వల కడితే ఆగే మనిషి ఈ వీధిలో ఎవరున్నారా అని చూస్తూ మెట్లు దిగుతాను.