సోఫాలో ఎడమ మూల

బ్రహ్మయ్యగారికి సెంటిమెంటు ఎక్కువ. అలాంటివాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు గానీ, కరొలీనా ఫుట్‌బాల్ జట్టు గెలుపోటములు మోరిస్‌విల్‌లోని తన ఇంటి హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దాన్ని బట్టే తేలతాయని నమ్మే మనిషి మాత్రం ఆయనొక్కరే. ఇండియాలో ఉన్నన్నాళ్ళూ ఈ పని క్రికెట్‌తో చేశారు. వికెట్ పడకూడదని ఒకసారి పక్కింటాయన్ని లంచ్ దాకా గుమ్మంలోనే నిలబెట్టేశారట. అమెరికా వచ్చాక ఆట మారింది, ఆయన మారలేదు.

ఆ హాల్లో నియమాలు కఠినంగా ఉండేవి. ఆట నడుస్తుండగా ఎవరూ లేవకూడదు. కాలు మీద కాలు వేసుకున్నవాడు అలాగే ఉండాలి. ఒక మనిషి కూర్చుని ఉండగా జట్టు ఒక్కసారి ఓడిందంటే, ఇక వాడికి మళ్ళీ హాల్లో చోటు లేదు. 2001లో జట్టు మొదటి ఆట గెలిచి, తర్వాత వరసగా పదిహేను ఓడింది. దాంతో హాల్లో కూర్చోబెట్టడానికి ఊళ్ళో తెలుగువాళ్ళే మిగల్లేదు. సొంత బావమరిది రఘువీర్‌ని గరాజ్‌లో మడతకుర్చీ వేసి కూర్చోబెట్టారు. భార్య ఉమామహేశ్వరి వంటింట్లోంచి తొంగిచూడడం కూడా నిషేధం.

2002లో జట్టుకి కొత్త కోచ్ వచ్చాడు. కొత్త కోచ్‌కి కొత్త మనిషి కావాలన్నారు బ్రహ్మయ్యగారు. అలా దొరికినవాడు ఫణి.

ఫణి పక్క అపార్ట్‌మెంట్లలో ఉండేవాడు. జూలైలో లేఆఫ్ అయ్యాడు. త్వరగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా చేజారి పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంటినుంచే పనిచేస్తున్నానని అందరినీ నమ్మించాడు. భోజనాలకి పిలిస్తే వెళ్ళేవాడు కాదు, అక్కడ ముందు అడిగేది ఉద్యోగం గురించే కాబట్టి. బ్రహ్మయ్యగారు రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ పని ఉందన్నాడు. మూడోసారి ఆయన భోజనం మాట ఎత్తలేదు. కొత్త టీవీ బరువుగా ఉంది, వచ్చి ఓ చెయ్యి వెయ్యమన్నారు. టీవీ మోసి, ఆయాసం తీర్చుకోవడానికి సోఫాలో ఎడమ మూల కూర్చున్నాడు ఫణి. ఈలోగా ఆట మొదలైంది. ఇక లేవనివ్వలేదు. కంచం కూడా అక్కడికే వచ్చింది. ఆ రోజు జట్టు గెలిచింది.

"ఇక నువ్వు లేకపోతే వాళ్ళు గెలవరు," అన్నారు బ్రహ్మయ్యగారు. "వచ్చే ఆదివారం ఇదే చొక్కాలో రా."

"ఉతకొచ్చా అండీ?"

"ఉతుక్కో. ఇస్త్రీ మాత్రం చెయ్యకు."

మొదటి రోజు గుత్తివంకాయ కూర తిన్నారు కాబట్టి ఆ తర్వాత ప్రతి ఆదివారం గుత్తివంకాయే. మిగిలిన కూర ఇంట్లో ఉంటే మనవాళ్ళ డిఫెన్స్ బలహీనపడుతుందని డబ్బాల్లో సర్ది ఫణి చేతిలో పెట్టేవారు. అన్నం, పప్పు, పెరుగు కూడా అదే సిద్ధాంతం కింద వెళ్ళిపోయేవి. ఆ డబ్బాలు ఫణికి బుధవారం దాకా వచ్చేవి. జట్టు వరసగా మూడు గెలిచింది. ఆ ఘనత కొత్త కోచ్‌ది కాదని ఆఫీసులో అమెరికన్లకి నచ్చజెప్పలేక బ్రహ్మయ్యగారు చాలా అవస్థపడ్డారు.

నాలుగోది ఓడింది. ఫణి మడతకుర్చీకి సిద్ధపడి లేచాడు. బ్రహ్మయ్యగారు కూర్చోమన్నారు. తప్పు ఫణిది కాదట, కూరలో ఉప్పు తగ్గిందట. ఐదోది ఓడితే ఫణి గడియారం కుడిచేతికి పెట్టుకున్నాడన్నారు. ఆరోది రఘువీర్ గరాజ్‌లో తుమ్మడం వల్ల పోయింది. ఒక వారం జట్టుకి సెలవు. ఆ ఆదివారం కూడా ఫోన్ చేశారు.

"ఇవాళ మ్యాచ్ లేదు కదండీ," అన్నాడు ఫణి.

"లేదు. ఓడిపోతామన్న భయం లేకుండా తినేది ఈ ఒక్క వారమే. తొందరగా రా."

జట్టు వరసగా ఎనిమిది ఓడింది. ఆ రెండు నెలల్లో ఫణికీ పదకొండు కంపెనీలు కాదని చెప్పాయి. మనిషన్నాక ఇలాంటప్పుడు రెండూ కలిపి ఆలోచించకుండా ఉండలేడు. ఎనిమిదో ఓటమి నాడు డబ్బాలు తీసుకోకుండా లేచి నిలబడ్డాడు.

"ఇక నేను రానండీ. నేను అడుగుపెట్టిన చోట ఏదీ బాగుపడదు."

బ్రహ్మయ్యగారు టీవీ కట్టేశారు. "ఆ కోచ్ ఎనిమిది ఓడాడు. వచ్చే ఆదివారం గ్రౌండ్‌కి వస్తాడా, రాడా?"

"వస్తాడు."

"మరి నువ్వూ రా. ఆ డబ్బాలు తీసుకో."

ఫణి వచ్చాడు. జట్టు గెలిచింది. ఆ పై ఆదివారం కూడా గెలిచింది. ఆ గురువారం ఎక్కడో దూరాన బెంటన్‌విల్ అనే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఇస్తున్నారు, వీసా వాళ్ళే చూసుకుంటారు, వెంటనే వచ్చి చేరాలి.

ఎగిరి గంతెయ్యాల్సినవాడు ఆదివారం సోఫాలో దొంగలా కూర్చున్నాడు. ఇప్పుడిప్పుడే గెలుస్తున్న జట్టుని వదిలి వెళ్తానని ఈ మనిషికి ఎలా చెప్పడం? ఆట సగంలో విరామం ఇవ్వగానే వంటింట్లోకి వెళ్ళి ఉమామహేశ్వరి దగ్గర గొణిగాడు. ఆమె గరిటె పక్కన పెట్టి నవ్వింది.

"ఒక్క ఓటమికే మా తమ్ముణ్ణి గరాజ్‌లోకి నెట్టిన మనిషి, నిన్ను ఎనిమిది ఓటములు ఎందుకు కూర్చోబెట్టారనుకున్నావు? జూలైలో నీ కారు వారం రోజులు కదల్లేదని ఆఫీసుకి వెళ్తూ వస్తూ ఈయనే చూశారు. ఉద్యోగం పోయిందని మాకు తెలుసంటే చిన్నబోతావని నాతో కూడా ఒట్టు వేయించుకున్నారు. అసలు ఆయనకి వంకాయ పడదు, ఒళ్ళంతా దురద. నువ్వు మొదటిరోజు రెండుసార్లు వడ్డించుకున్నావని ప్రతి వారం చేయించారు."

ఫణి హాల్లోకి వచ్చేసరికి ఆట మళ్ళీ మొదలైంది. టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ ఇంట్లో అంతకన్నా ఘోరం ఇంకోటి లేదు.

"బెంటన్‌విల్‌లో జాబ్ వచ్చిందండీ. బుధవారం వెళ్తున్నాను, కార్లోనే."

బ్రహ్మయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆట నడుస్తుండగానే లేచి నిలబడ్డారు.

"మ్యాచ్ అవుతోందండీ," అన్నాడు ఫణి.

"అవనీ. వెయ్యి మైళ్ళు వెళ్ళాలి, టైర్లు ఎప్పుడు మార్చావు? పద, చూద్దాం."

చలిలో ఆ కారు చుట్టూ ఆయన గంటసేపు తిరిగారు. టైర్లు నొక్కారు, ఆయిల్ చూశారు, వైపర్లు బాగా లేవని విసుక్కున్నారు. లోపల టీవీ దానంతట అది మోగుతూనే ఉంది. ఆ రోజు జట్టు ఓడిపోయింది. ఆ సంగతి బ్రహ్మయ్యగారు మర్నాడు పేపర్లో చూసి తెలుసుకున్నారు.